మీకు తెలుసా? బరువు తగ్గాక పాత కొలత సరిపోదు

పది కిలోలు తగ్గిన మనిషికి పాత భోజనం ఎక్కువవుతుంది. చిన్నబడిన ఒంటికి ఖర్చు తక్కువ, పైగా శరీరం అంతకు మించి పొదుపు చేస్తుంది. బరువులో పదో వంతు తగ్గినవాళ్లు, ఆ కొత్త బరువుకు లెక్క ప్రకారం కావాల్సిన దానికన్నా తక్కువ క్యాలరీలు ఖర్చు చేస్తారని పరిశోధకులు లీబెల్, రోజెన్‌బామ్‌ల బృందం 1995లో కొలిచి చూపింది. అందుకే హైదరాబాద్ గౌలిపుర వంటింట్లో డైటింగ్ ముగియగానే పాత గరిటె, పాత తాలింపు వచ్చేస్తే (5 గ్రాముల నూనెకే 45 క్యాలరీలు) బరువూ తిరిగొస్తుంది. దాన్ని మనోబలం లోపమనడం అన్యాయం.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల్లో, కూర్చుని పనిచేసే 65 కిలోల పురుషుడికి రోజుకు 2110, 55 కిలోల స్త్రీకి 1660 క్యాలరీలని ఉంది కదా, అవి పాటిస్తే చాలదా అనొచ్చు. అవి సగటు అంచనాలు. మీ ఒంటి సంగతి తూకమే చెప్పాలి. డైట్‌లో తిన్నదానికి రోజుకు వంద క్యాలరీలు, అంటే సుమారు 30 గ్రాముల కందిపప్పు, కలిపి రెండు వారాలు చూడండి. బరువు ఇంకా తగ్గుతుంటే మరికొంత కలపండి, నిలకడగా ఉంటే అదే మీ కొలత. మొదట్లో కాస్త పెరిగితే కంగారొద్దు, అందులో చాలావరకు నీరే. మరి జీవితాంతం అర్ధాకలేనా? కాదు. రోజూ సాయంత్రం చార్మినార్ దాకా నడిచొస్తే ఖర్చు పెరుగుతుంది, ఆ మేరకు తినొచ్చు.