మూత్రపిండాల రాళ్ల నుంచి మడమ నొప్పి దాకా

పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు దిగినట్టుంటుంది. నాలుగడుగులు నడిచాక కాస్త సర్దుకుంటుంది. కాసేపు కూర్చుని లేస్తే మళ్లీ మొదలు. మడమ ఎముక నుంచి కాలివేళ్ల దాకా సాగే ప్లాంటార్ ఫేషియా అనే దళసరి పట్టీ, ఎముకకు అతుక్కున్నచోట దెబ్బతినడమే ఇందుకు ప్రధాన కారణం. చాలామంది ఎక్స్‌రేలో పొడుచుకొచ్చిన ఎముకను చూసి భయపడతారు. నొప్పి లేనివారిలోనూ అది కనిపిస్తుంది.

మందులకూ వ్యాయామాలకూ లొంగని నొప్పికి వైద్యులు ఇప్పుడు షాక్‌వేవ్ చికిత్స సూచిస్తున్నారు. ఇది కరెంటు షాక్ కాదు. చర్మం మీద పెట్టిన పరికరం నుంచి లోపలికి వెళ్లే బలమైన పీడన తరంగం.

దీని పుట్టిల్లు జర్మనీ. 1980లో మ్యూనిక్‌లో క్రిస్టియన్ షోసీ బృందం కోత లేకుండా, ఈ తరంగాలతోనే ఒక రోగి మూత్రపిండంలో రాయిని పగలగొట్టింది. ఆ యంత్రం విమానాల కంపెనీ డోర్నియర్ తయారుచేసినది. తర్వాత ఎముకల వైద్యులు ఆ పద్ధతిని అందుకున్నారు. 2000లో అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మడమ నొప్పికీ దీన్ని వాడేందుకు అనుమతి ఇచ్చింది. మడమలో పగలగొట్టేదేమీ లేదు. తరంగాల తాకిడికి కణజాలం స్పందించి మరమ్మతు మొదలుపెడుతుందని వైద్యుల భావన. జంతువులపై ప్రయోగాల్లో తరంగాలు తాకినచోట కొత్త రక్తనాళాలు ఏర్పడ్డాయి.

మరి నిజంగా పనిచేస్తుందా? పరీక్షల ఫలితాలు ఒకేలా లేవు. జర్మనీలో 272 మందిపై జరిగి 2003లో వెలువడిన పరీక్షలో నిజమైన చికిత్స పొందినవారిలో 34 శాతం మందికి, ఉత్తుత్తి చికిత్స పొందినవారిలో 30 శాతం మందికి గుణం కనిపించింది. తేడా లేనట్టే. అయితే వారికి ముందుగా మత్తు ఇంజెక్షన్ ఇచ్చారు. మత్తు ఇస్తే ఫలితం తగ్గుతుందని 2005లో మరో అధ్యయనం తేల్చింది. 250 మందిపై జరిగి 2015లో వెలువడిన పరీక్షలో నిజమైన చికిత్సతో నొప్పి సుమారు 69 శాతం, ఉత్తుత్తి చికిత్సతో 34 శాతం తగ్గింది. ఈ రెండో అంకెను తేలిగ్గా తీసుకోకూడదు. మడమ నొప్పి కాలంతో పాటు దానంతటదే తగ్గే గుణం కలది, నమ్మకానికీ కొంత వాటా ఉంది. అందుకే పోలిక లేకుండా చెప్పే విజయ శాతాలకు విలువ లేదు.

సాధారణంగా వారానికోసారి, మూడు నుంచి ఐదు సార్లు చేస్తారు. చేసేటప్పుడు నొప్పి ఉంటుంది, తర్వాత ఎర్రబడటం, వాపు రావచ్చు. గర్భిణులకూ, రక్తం పలచబడే మందులు వాడేవారికీ మామూలుగా చేయరు.

ఎక్కువమందికి ఏడాదిలోపే వ్యాయామాలతో, మెత్తని పాదరక్షలతో, విశ్రాంతితో నయమవుతుంది. కాబట్టి కాలివేళ్లను చేత్తో వెనక్కి లాగి అరికాలిని సాగదీసే వ్యాయామం కొన్ని నెలలు శ్రద్ధగా చేయకముందే షాక్‌వేవ్ ప్యాకేజీకి డబ్బు కట్టకండి.