డిప్లొమా ఇంజనీరింగ్ గణిత బోధనలో తెలుగు వాక్యం: అనువర్తిత సమస్యల భాషాపరిశీలన

వ్యాససంగ్రహం:

పాలిటెక్నిక్ కళాశాలల్లో చేరిన విద్యార్థులు గణితంలో వెనుకబడటానికి ఆంగ్ల పారిభాషిక పదాలు తెలియకపోవడమే కారణమని సాధారణంగా భావిస్తారు. అనువర్తిత గణితంలో అసలు చిక్కు పదం దగ్గర కంటే వాక్యం దగ్గర ఎక్కువగా ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. గణనలో పనులు జరిగే వరుసకూ తెలుగు వాక్యంలో పదాలు నిలిచే వరుసకూ చాలాచోట్ల పొందిక కనిపిస్తుంది. ఈ పొందికను, అది కుదరని సందర్భాలను డిప్లొమా పాఠ్యాంశాల నుంచి తీసుకున్న ఉదాహరణలతో వివరించి, తరగతి గదిలో దానిని వినియోగించుకునే పద్ధతిని సూచించడం ఈ వ్యాసోద్దేశం.

కీలకపదాలు: పాలిటెక్నిక్ విద్య, అనువర్తిత గణితం, వాక్యక్రమం, పారిభాషిక పదాలు, బోధనాభాష, పావులూరి మల్లన.

1. ఉపోద్ఘాతం:

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో పదో తరగతి పూర్తిచేసినవారు పాలిసెట్ ద్వారా డిప్లొమా కోర్సులలో ప్రవేశిస్తారు. ఆ ప్రవేశపరీక్షలో ప్రశ్నలు తెలుగులోనూ ఆంగ్లంలోనూ ఉంటాయి. కళాశాలలో అడుగుపెట్టాక పాఠ్యగ్రంథం, ప్రశ్నపత్రం, సమాధానపత్రం అన్నీ ఆంగ్లంలోకి మారతాయి. పాక్షిక భిన్నాలు, మాత్రికలు, త్రికోణమితి, సంకీర్ణ సంఖ్యలు, అవకలనం, సమాకలనం, అవకలన సమీకరణాలు వంటి అంశాలను పదిహేను పదహారేళ్ల విద్యార్థి కొత్త భాషలో ఎదుర్కొంటాడు. ఇంటర్మీడియట్ విద్యార్థి రెండేళ్లలో నేర్చే విషయంలో చాలా భాగాన్ని ఇతడు వర్క్‌షాప్, డ్రాయింగ్, ప్రయోగశాలల మధ్య దొరికిన తక్కువ సమయంలో నేర్చుకోవాలి.

ఈ గణితం మీద ఆధారపడిన భవిష్యత్తు చిన్నది కాదు. డిప్లొమా తరువాత బీటెక్ రెండో సంవత్సరంలో చేరడానికి రాసే ఈసెట్‌లో 200 మార్కులకు 50 మార్కులు గణితానివే. చేతిపనిలో నేర్పు ఉండి కూడా గణితం దగ్గర ఆగిపోయిన విద్యార్థికి పైచదువు దారి ఇరుకవుతుంది. అందువల్ల గణితం ఏ భాషలో అర్థమవుతోందన్న ప్రశ్న గణిత అధ్యాపకులతో పాటు భాషాధ్యయనం చేసేవారికీ సంబంధించినదే.

2. పదం దగ్గరి చిక్కు:

1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ఉన్నతస్థాయి పాఠ్యపుస్తకాలతో పాటు శాస్త్ర పరిభాషనూ స్థిరపరచింది. ప్రమేయం, అవధి, అవకలనం, సమాకలనం వంటి పదాలు ఆ కృషి ద్వారానే వ్యాప్తిలోకి వచ్చాయి. 2021-22 విద్యాసంవత్సరం నుంచి అఖిల భారత సాంకేతిక విద్యామండలి తెలుగుతో సహా పలు భారతీయ భాషల్లో ఇంజనీరింగ్ బోధనకు అవకాశం కల్పించి, పాఠ్యగ్రంథాల అనువాదాన్నీ చేపట్టింది. ఇవి విలువైన ప్రయత్నాలు. అయితే పదాన్ని అనువదించినంత మాత్రాన భావం విద్యార్థికి అందినట్టు కాదు.

నిత్యవ్యవహారంలో 'ప్రమేయం' అంటే జోక్యం, సంబంధం. 'ఈ గొడవలో అతని ప్రమేయం లేదు' అన్న వాక్యంలో ఆ పదాన్ని విన్న విద్యార్థి గణితంలోని ప్రమేయాన్ని కొత్తగా నేర్చుకోవలసిందే. 'సంకీర్ణం' అనగానే అతనికి గుర్తొచ్చేది సంకీర్ణ ప్రభుత్వం. 'అవకలనం' అన్న సంస్కృత సమం అతనికి 'డిఫరెన్షియేషన్' ఎంత కొత్తదో అంతే కొత్తది. పైగా పరీక్షలో రాయవలసింది రెండో పదాన్నే. కనుక పారిభాషిక పదం ఏ భాషదైనా కావచ్చు, దానిని వివరించే వాక్యం విద్యార్థిది కావాలి. ఆంగ్లమాధ్యమంలో చదివివచ్చిన వారికి కూడా ఈ మాట వర్తిస్తుంది. వారికి పదాలు పరిచయమే, సమస్యలోని వాక్యాన్ని విడదీసుకోవడం దగ్గరే వారూ తడబడతారు.

3. వాక్యక్రమం - గణనక్రమం:

'ఫైవ్ లెస్ దేన్ ఎక్స్' అన్న ఆంగ్ల పదబంధాన్ని సమీకరణంగా రాయమంటే కొందరు విద్యార్థులు '5 − ఎక్స్' అని రాస్తారు. చెవిన పడిన వరుసనే వారు కాగితం మీద పెడుతున్నారు. అదే మాటను తెలుగులో 'ఎక్స్ కంటే 5 తక్కువ' అంటాము. ఇక్కడ ఎక్స్ ముందు వచ్చింది, 5 తరువాత వచ్చింది. విన్న వరుసలోనే 'ఎక్స్ − 5' అని రాయవచ్చు. 'పెరిగింది' అన్న క్రియతోనూ ఇటువంటి సౌలభ్యం ఉంది. '10 పెరిగింది', '10కి పెరిగింది' అన్న రెండు వాక్యాల మధ్య ఉన్నది ఒక్క విభక్తి ప్రత్యయమే అయినా తెలుగు వ్యవహర్త వాటిని పొరబడడు. ఆంగ్లంలో ఈ భేదాన్ని 'బై', 'టు' అనే చిన్న పదాలు మోస్తాయి. తొందరలో చదివే విద్యార్థి కన్ను వాటిని సులువుగా దాటిపోతుంది.

ఈ పొందిక మరింత స్పష్టంగా కనిపించేది ఎలక్ట్రికల్ విద్యార్థులు నేర్చే ఆర్.ఎం.ఎస్. విలువ దగ్గర. 'రూట్ మీన్ స్క్వేర్' అన్న పేరులో మొదట వినిపించేది వర్గమూలం. చేయవలసిన పనుల్లో అది చివరిది. తెలుగులో దీనిని 'వర్గాల సగటుకు వర్గమూలం' అనాలి. మొదట వర్గాలు కట్టాలి, తరువాత వాటి సగటు తీయాలి, చివర వర్గమూలం కనుక్కోవాలి. వాక్యమే పద్ధతిని చెబుతోంది. ఇంటికి వచ్చే 230 వోల్టుల విద్యుత్తు ఇటువంటి విలువే. ఆ తరంగపు గరిష్ఠ విలువ సుమారు 325 వోల్టులు. ఒక పూర్తి ఆవృత్తిలో ధన, రుణ భాగాలు ఒకదానినొకటి కొట్టివేసుకొంటాయి కనుక నేరుగా తీసిన సగటు సున్నా అవుతుంది. అయినా హీటరు వేడెక్కుతుంది. వర్గం చేస్తే రుణచిహ్నం పోతుంది కాబట్టి వర్గాలకు సగటు తీస్తారు. సైన్ తరంగానికి ఆ సగటు గరిష్ఠ విలువ వర్గంలో సగం. 325 వర్గంలో సగానికి వర్గమూలం కడితే దాదాపు 230 వస్తుంది. వర్గం ఎందుకు ముందు చేయాలో తెలిసిన విద్యార్థి సూత్రాన్ని మరచిపోయినా తిరిగి కట్టుకోగలడు.

అన్నిచోట్లా ఈ పొందిక కుదరదు. 'నాలుగింట మూడు వంతులు' అన్నప్పుడు తెలుగులో హారం ముందు, లవం తరువాత వస్తాయి. విద్యార్థి రాసేదీ చదివేదీ 'మూడు బై నాలుగు'. ఇక్కడ తెలుగు వరుసే అడ్డుపడుతుంది.

గొలుసు సూత్రం దగ్గర ఎదురయ్యే చిక్కు వేరు. ఎక్స్‌కు సైన్, ఆ సైన్‌కు లాగ్ అని తెలుగులో లోపలి నుంచి బయటికి చెప్పుకొస్తాము. ప్రమేయం కట్టిన వరుస అదే. అవకలనం మాత్రం బయటి నుంచి మొదలవుతుంది. ముందు లాగ్ అవకలజం, దానిని గుణిస్తూ సైన్ అవకలజం. మూట కట్టేటప్పుడు చివర వేసిన ముడినే విప్పేటప్పుడు ముందు విప్పాలి అని అధ్యాపకుడు చెబితే ఈ తేడా నిలుస్తుంది. తెలుగు వాక్యం కట్టిన వరుసను చూపుతుంది, దానిని తిరగవేస్తే విప్పే వరుస వస్తుంది. పొందిక కుదిరిన చోటునూ కుదరని చోటునూ అధ్యాపకుడు ముందే గుర్తించి ఉండాలి.

4. 'అయినప్పుడు' అన్న మాట:

కాలంతో పాటు మారే రాశుల సమస్యల్లో భాష మరో రకంగా అడ్డుపడుతుంది. తలక్రిందులుగా నిలిపిన శంఖువు ఆకారపు తొట్టిలోకి నిమిషానికి 2 ఘనమీటర్ల చొప్పున నీరు చేరుతోంది. ఏ లోతు దగ్గరనైనా నీటి ఉపరితలపు వ్యాసార్ధం లోతులో సగం. లోతు 4 మీటర్లు ఉన్నప్పుడు నీటిమట్టం ఎంత వేగంగా పెరుగుతోంది? ఈ సమస్యలో పలువురు చేసే పొరపాటు ఒక్కటే. '4 మీటర్లు' అని కనిపించగానే దానిని సూత్రంలో ప్రతిక్షేపిస్తారు. లోతు స్థిరసంఖ్యగా మారిపోయాక అవకలనం చేయడానికి ఏమీ మిగలదు.

ఆంగ్లంలోని 'వెన్' అన్న మాటను విద్యార్థి 'లోతు 4 అయితే' అని అర్థం చేసుకొంటాడు. 'అయితే' షరతును చెబుతుంది. ఆ షరతు మొదటి నుంచీ అమలులో ఉన్నట్టు అతనికి తోస్తుంది. సమస్య అడుగుతున్నది 'లోతు పెరుగుతూ పెరుగుతూ 4 మీటర్లకు చేరిన ఆ క్షణంలో' అన్న విషయం. వాక్యాన్ని ఇలా విప్పి చెబితే లోతు మారే రాశి అని ముందే తెలుస్తుంది. అప్పుడు ఘనపరిమాణాన్ని లోతు ఘనంలో పన్నెండో వంతుకు 'పై' రెట్లుగా రాసి, కాలం దృష్ట్యా అవకలనం చేసి, చివరలో 4ను ప్రతిక్షేపిస్తే మట్టం నిమిషానికి సుమారు 0.16 మీటర్ల చొప్పున పెరుగుతోందని వస్తుంది. 'పెరుగుతూ' అన్న అసమాపక క్రియ ఇక్కడ చలరాశిని గుర్తుచేస్తోంది.

5. పనిచోటి భాష:

డిప్లొమా విద్యార్థులలో చాలామంది ఇళ్లలో తాపీపని, వడ్రంగం, వ్యవసాయం, మోటారు మరమ్మతు వంటి వృత్తులున్నాయి. ఆ వృత్తుల భాషలో గణితం ఇప్పటికే ఉంది. మేస్త్రీ డాబా మీద నీరు నిలవకుండా 'వాటం' పెడతాడు. 12 అడుగుల పొడవుకు ఒక అంగుళం దించితే ఆ వాటం 144లో 1 వంతు. ఇదే రేఖ వాలు. తిన్నని డాబాకు వాటం అంతటా ఒక్కటే. మధ్యలో ఉబ్బి అంచులకు వంగిన రోడ్డుకు చోటు చోటుకూ వాటం మారుతుంది. అలా ఒక్కొక్క చోట ఉండే వాటాన్ని కొలిచే సాధనమే అవకలజం. పునాది గీసేటప్పుడు 3, 4, 5 అడుగుల కొలతలతో మూలమట్టం సరిచూడటం పైథాగరస్ సిద్ధాంతానికి విపర్యయం. ఆ పని చూసిన విద్యార్థికి సిద్ధాంతం తెలుసు, దాని పేరే తెలియదు.

సివిల్ విద్యార్థులకు కాలువ మంచి ఉదాహరణ. 12 మీటర్ల వెడల్పున్న కాలువలో ప్రతి 2 మీటర్లకూ లోతు కొలిస్తే వరుసగా 0, 1.2, 1.8, 2.1, 1.9, 1.1, 0 మీటర్లు వచ్చాయనుకొందాం. సమలంబ సూత్రం ప్రకారం అడ్డుకోత వైశాల్యం 16.2 చదరపు మీటర్లు. సింప్సన్ సూత్రం ప్రకారం సుమారు 16.67. రెండు సమాధానాలు ఎందుకు వచ్చాయని విద్యార్థి అడగాలి. మొదటి సూత్రం కాలువ అడుగును సరళరేఖల ముక్కలుగా, రెండోది పరావలయాల ముక్కలుగా భావిస్తుంది. నీరు సెకనుకు సగటున 0.6 మీటర్ల వేగంతో పారితే రెండో లెక్కన ప్రవాహం సెకనుకు 10 ఘనమీటర్లు, అంటే 353 క్యూసెక్కులు. క్యూసెక్కు అన్న మాట రైతు ఇళ్లలో పత్రికల ద్వారా ఎప్పుడో చేరింది. నిశ్చిత సమాకలని అక్కడిదాకా వెళ్లి ఆ మాటను తాకినప్పుడు అది అనువర్తిత గణితమవుతుంది.

6. పూర్వరంగం:

గణితాన్ని తెలుగు వాక్యంలోకి తేవడం కొత్త ఆలోచన కాదు. రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో, 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మల్లన 11వ శతాబ్దివాడని సాహిత్యచరిత్రకారులలో ఎక్కువమంది అభిప్రాయం. తెలుగులో తొలి శాస్త్రగ్రంథంగా ఈ రచనకు గౌరవం ఉంది. అది మక్కికి మక్కి అనువాదం కాదని, మల్లన మూలాన్ని తన పాఠకులకు తగినట్టు మలచుకొన్నాడని విమర్శకులు గుర్తించారు. పద్యరూపంలోని సమస్యలో పాఠకుడు అన్వయం చేసుకొని, ఏ రాశి దేనికి సంబంధించినదో తేల్చుకొన్న తరువాతే లెక్క మొదలవుతుంది. గణితానికి ముందు అన్వయం అన్న ఈ క్రమం నేటి పాలిటెక్నిక్ తరగతికీ వర్తిస్తుంది.

7. తరగతిలో వినియోగం:

పై పరిశీలన ఆధారంగా నాలుగు అంచెల పద్ధతిని సూచించవచ్చు. మొదట ఆంగ్ల సమస్యను యథాతథంగా చదవాలి. రెండో అంచెలో విద్యార్థి దానిని తన మాటల్లో తెలుగులో చెప్పాలి, పారిభాషిక పదాలను ఆంగ్లంలోనే ఉంచవచ్చు. మూడో అంచెలో ఆ తెలుగు వాక్యాన్ని సమీకరణంగా రాసి సాధించాలి. నాలుగో అంచెలో ఫలితాన్ని ఒక పూర్తి ఆంగ్ల వాక్యంగా రాయాలి. చివరి అంచెను వదిలితే పరీక్షలో నష్టం, రెండో అంచెను వదిలితే అవగాహనలో నష్టం.

సమయం చాలదన్నది దీనిపై సహజంగా వచ్చే అభ్యంతరం. ప్రతి సమస్యకూ ఈ పద్ధతి అవసరం లేదు, ప్రతి అధ్యాయంలో ఒకటి రెండు సమస్యలకు చాలు. తెలుగు అందరి మాతృభాష కాదన్నది మరింత ఆలోచించవలసిన అభ్యంతరం. ఉర్దూ, లంబాడీ, గోండి, కోయ మాట్లాడే ఇళ్ల నుంచి వచ్చిన విద్యార్థులకు తెలుగు కూడా నేర్చుకున్న భాషే. అయితే ఆ భాషల్లోనూ క్రియ సాధారణంగా వాక్యం చివరనే వస్తుంది. రెండో అంచెను వారు తమ భాషలో చేసుకోవచ్చు. అధ్యాపకునికి ఆ భాష రానప్పుడు తోటి విద్యార్థులే ఆ పనికి సాయపడగలరు.

8. ముగింపు:

డిప్లొమా స్థాయి గణిత బోధనలో తెలుగు పాత్రను ఇంతవరకు పదకోశాల, అనువాద గ్రంథాల కోణం నుంచే ఎక్కువగా చర్చించారు. వాక్యాన్ని ప్రమాణంగా తీసుకుంటే చర్చ మారుతుంది. సమస్యను సమీకరణంగా మార్చడం ఒక అనువాదమే, ఆ అనువాదానికి తెలుగు వాక్యం చాలాచోట్ల దగ్గరి దారి. ఏ పాఠ్యాంశంలో ఆ దారి సాఫీగా ఉందో, ఎక్కడ తిరగవలసి ఉందో గుర్తించే పనిని తెలుగు, గణిత శాఖల అధ్యాపకులు కలిసి చేపట్టాలి. పాఠ్యాంశాలవారీగా ఇటువంటి వాక్యాల సంపుటి ఒకటి తయారైతే, వర్క్‌షాపులో చేయి తిరిగిన విద్యార్థి గణిత తరగతిలో మౌనంగా కూర్చోవలసిన అవసరం తగ్గుతుంది.