వుజూ నీరు నిలిచే మూలన తెల్లమద్ది

కారేపల్లిలోని మా మద్రసా ఆవరణలో పడమటి మూల పల్లం. పిల్లలు ఐదు పూటలా చేసే వుజూ నీరంతా అక్కడికే చేరుతుంది. నేల బంకమట్టి గనుక వానకాలంలో ఆ నీరు నెలల తరబడి ఇంకదు. నీడ కోసం అక్కడ రెండు పర్యాయాలు వేపమొక్క నాటాము. రెండూ చనిపోయాయి. రెండవ మొక్క ఆకులు పసుపుబారినప్పుడు నీరు చాలలేదని తలచి, మరో రెండు బిందెలు మేమే పోయించాము. పెరికి చూస్తే వేళ్ళు నల్లబడి, కుళ్ళు వాసన కొట్టాయి. వేళ్ళు కూడా శ్వాసిస్తాయి. మట్టి రేణువుల నడుమ గాలి ఉండవలసిన సందులను నీరు ఆక్రమిస్తే, తడిలోనే మొక్క ఊపిరాడక చస్తుంది. వేప దానిని ఏమాత్రం ఓర్వలేదు.

ఆ రోజులలోనే, మా వద్ద చదివి ఇంగ్లండులో స్థిరపడిన ఒక శిష్యుడు తన పెరటి చెట్టు చిత్రం పంపాడు. దాని పేరు ఆల్డర్. ఆకులు ఈకలవలె చీలిన అలంకార రకం. “హజ్రత్, ఇది బురదలోనే పెరుగుతుంది, విత్తనాలు పంపనా?” అని అడిగాడు. చెట్టు నిజంగా ముచ్చటైనదే. దాని వేళ్ళ బుడిపెలలో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి కాపురముండి, గాలిలోని నత్రజనిని ఎరువుగా మారుస్తుంది. మన సరుగుడు వేళ్ళలోనూ ఈ ఏర్పాటే ఉన్నది. నాగాలాండ్‌లోని ఖొనోమా గ్రామ రైతులు ఆల్డర్ మొదళ్ళను పొలంలోనే నిలిపి, కొమ్మలు నరుకుతూ, వాటి నడుమ పంటలు తీస్తారు. అయితే అవి చల్లని కొండలు. మా ఖమ్మం ఎండలకు ఆ చెట్టు నిలువదు. పైగా పరదేశపు విత్తనం తెప్పించాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. వద్దని జవాబు వ్రాశాము.

మద్రసాకు కట్టెలు తెచ్చే పెద్దాయన ఈ సంగతి విని, “మౌల్వీసాబూ, వాగొడ్డున మద్ది నిలబడలే? దానికి నీళ్ళంటే భయం లేదు” అన్నాడు. ఏళ్ళుగా ఆ దారిన నడుస్తున్నాము గానీ మాకు తోచలేదు.

తెల్లమద్దినే ఏరుమద్ది అనీ అంటారు. నున్నని లేత బూడిదరంగు బెరడు పెచ్చులు పెచ్చులుగా రాలి, మొండెం కొత్తగా మెరుస్తుంది. కాయకు ఐదు రెక్కలు. మహదేవపూర్, చెన్నూరు ప్రాంతాలలో దసలి పట్టుపురుగులను మద్ది చెట్లపైనే పెంచుతారు. నీరు నిలిచే నేలలకే గాక, చవుడు నేలలకూ ఇది ఓర్చుకొంటుంది.

అడవి మొక్కను పెరకవద్దని పిల్లలకు చెప్పి, రాలిన కాయలు మాత్రం ఏరించాము. రెండు మూడు రోజులు నీట నానబెట్టి సంచులలో విత్తాము. మొలక నిదానం, కొన్ని మొలవనే లేదు. ఓపిక లేనివారు నర్సరీలో అడగడమే మేలు. తొలకరికి ఒక మొక్క నాటాము. ఈసారి గుంత తీయక, జానెడు ఎత్తు మట్టిదిబ్బ పోసి, దానిపై నాటించాము. నీటికి ఓర్చే చెట్టుకైనా లేత వేళ్ళు కుదురుకొనే వరకు గాలి కావాలి. 20 మీటర్లు దాటి ఎదిగే చెట్టు గనుక గోడకు, బావికి 20 అడుగుల ఎడం విడిచాము. సబ్బునీరు అటు పోకుండా బట్టలుతికే చోటు మార్చాము.

ఒక భ్రమ మాత్రం వద్దు. చెట్టు మడుగును ఆర్పదు. దోమలు మునుపటివలెనే లేచాయి. జ్వరాల ప్రాంతం మాది. చివరకు పల్లానికి వాలుగా చిన్న కాలువ తవ్వించి, మిగులు నీటిని బయటి తోటకు మళ్ళించిన పిదపనే దోమలు తగ్గాయి. ఈ పని మొక్క నాటిన నాడే చేయవలసింది.

ఆరేళ్ళకు చెట్టు గది కప్పును దాటింది. ఇప్పుడు దానికి నీటి ముప్పు లేదు, కత్తి ముప్పు ఉన్నది. గుండెకు మంచిదని బెరడు కోసం వచ్చేవారు పెరిగారు. యునానీ, ఆయుర్వేదాలలో దాని వాడుక ఉన్న మాట నిజమే. కానీ చుట్టూ బెరడు ఒలిస్తే ఆకులు తయారుచేసిన ఆహారం వేళ్ళకు దిగదు, చెట్టు నిలువునా ఎండుతుంది. వైద్యుడిచ్చిన మాత్రలు మాని కషాయం త్రాగుతానన్న ఒక పెద్దమనిషిని మేమే ఆసుపత్రికి తిప్పి పంపాము. వెళ్ళే ముందు ఆయన అదే నీడన అరగంట కూర్చున్నాడు.