ఇన్వర్టర్ బ్యాటరీకి తగిన చార్జర్‌ను ఎంచుకునే విధానం

2022 మార్చి నెలాఖరున వేలూరు నగరంలోని అల్లాపురం ప్రాంతంలో, రాత్రివేళ ఇంటివద్ద చార్జింగ్‌కు పెట్టిన విద్యుత్ ద్విచక్ర వాహనం అంటుకొంది. ఆ పొగలో ఊపిరాడక ఒక తండ్రి, ఆయన కుమార్తె మరణించారు. వాహనపు బ్యాటరీ వేరు, ఇంటి ఇన్వర్టర్ బ్యాటరీ వేరు. అయినా ఇన్వర్టర్ ఉన్న ప్రతి గృహంలోనూ ఒక బ్యాటరీ రేయింబవళ్లు చార్జర్‌కు కలిపే ఉంటుంది. ఇంటిల్లిపాదీ నిద్రించే వేళ కూడా అది పనిచేస్తూనే ఉంటుంది. అందుచేత ఆ చార్జర్ సరైనదేనా అన్న విషయాన్ని ఆలంగాయం పురప్రజలు ఒకసారి పరిశీలించుకోవడం అవసరం.

ఈ బ్యాటరీల స్వభావం

మోటారు కారులోని బ్యాటరీ ఇంజన్‌ను కదిలించడానికి కొన్ని క్షణాలపాటు అధిక విద్యుత్తును ఇచ్చి, వెంటనే మళ్లీ నిండుతుంది. ఇన్వర్టర్ బ్యాటరీ అటువంటిది కాదు. విద్యుత్ శాఖవారు నిర్వహణ పనుల నిమిత్తం పగలంతా సరఫరా నిలిపిన రోజున, అది గంటల తరబడి కొద్దికొద్దిగా విద్యుత్తును ఇస్తూ చాలావరకు ఖాళీ అవుతుంది. ఇట్లా లోతుగా ఖాళీ అయి మళ్లీ నిండగల వాటిని డీప్ సైకిల్ బ్యాటరీలు అంటారు. విద్యుత్ పడవలకు కావలసినవీ ఈ స్వభావం గలవే. కేరళలో వైక్కం, తవణక్కడవు రేవుల మధ్య 2017 జనవరి నుండి ‘ఆదిత్య’ అనే సౌర విద్యుత్ పడవ ప్రయాణికులను చేరవేస్తున్నది. నడి నీటిలో బ్యాటరీ నీరసించితే ప్రయాణికుల పాట్లు చెప్పనక్కరలేదు. అందువల్ల పడవ నడిపేవారు బ్యాటరీతో సమానంగా చార్జర్‌పైనా శ్రద్ధ వహిస్తారు. ఆ శ్రద్ధే మన ఇళ్లలోనూ ఉండాలి.

బ్యాటరీపై చూడవలసిన మూడు అంశాలు

చార్జర్‌ను గాని, ఇన్వర్టర్‌ను గాని కొనడానికి ముందు బ్యాటరీపై అంటించిన చీటీని చదవాలి.

మొదటిది రకం. నీరు పోయవలసిన ట్యూబులర్ బ్యాటరీ, నీరు పోయనక్కరలేని మూసివున్న సీసపు బ్యాటరీ, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అని ముఖ్యంగా మూడు రకాలు. 12 వోల్టుల ట్యూబులర్ బ్యాటరీని సుమారు 14.4 వోల్టుల వరకు చార్జ్ చేయవచ్చు. మూసివున్న దానికి సాధారణంగా అంతకంటె కొంత తక్కువ చాలు. దానిలో ఆవిరైపోయిన నీటిని మళ్లీ పోసే మార్గం లేదు. లిథియం బ్యాటరీకి దాని తయారీదారు సూచించిన చార్జరే వాడాలి. సీసపు బ్యాటరీని బాగుచేయడానికి హెచ్చు వోల్టేజి పంపే చార్జర్‌ను లిథియం బ్యాటరీకి ఎంతమాత్రం తగిలించకూడదు.

అనేక ఇన్వర్టర్ల వెనుక భాగంలో బ్యాటరీ రకాన్ని సూచించే చిన్న స్విచ్ ఉంటుంది. పాత బ్యాటరీని తీసి వేరొక రకం బ్యాటరీని పెట్టినపుడు ఈ స్విచ్‌ను మార్చడం చాలామంది మరచిపోతారు. కొత్త బ్యాటరీ అకాలంగా పాడవడానికి ఇదొక కారణం.

రెండవది వోల్టేజి. 12 వోల్టుల బ్యాటరీకి 12 వోల్టుల చార్జర్, రెండు బ్యాటరీలను వరుసగా కలిపిన 24 వోల్టుల అమరికకు 24 వోల్టుల చార్జర్ కావాలి. ఆ జంటలో పాతదానిని, కొత్తదానిని కలపడం మంచిది కాదు.

మూడవది సామర్థ్యం, అనగా ఆంపియర్ అవర్లు. ట్యూబులర్ బ్యాటరీకి ఈ సంఖ్యలో పదవ వంతు ఆంపియర్లు ఇచ్చే చార్జర్ తగినది. 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి 15 ఆంపియర్ల చార్జర్ అన్నమాట. ఉదాహరణకు, 75 వాట్ల ఫ్యాన్లు రెండు, 9 వాట్ల దీపాలు నాలుగు సుమారు నాలుగు గంటలు పనిచేస్తే ఆ బ్యాటరీ సగం ఖాళీ అవుతుంది. 15 ఆంపియర్ల చార్జర్ దానిని ఎనిమిది గంటలకు అటూఇటూగా నింపుతుంది. 5 ఆంపియర్ల చార్జర్‌కు ఒక రాత్రి చాలదు. సగం నిండిన స్థితిలోనే రోజుల తరబడి ఉండిపోతే లోపలి పలకలపై గంధకపు లవణం గట్టిపడి బ్యాటరీ శక్తి క్షీణిస్తుంది. త్వరగా నిండుతుందని మరీ పెద్ద చార్జర్ పెడితే బ్యాటరీ వేడెక్కి, నీరు తరిగి, పలకలు దెబ్బతింటాయి.

మూడు దశల చార్జర్, వేసవి ఉష్ణం

మంచి చార్జర్ మూడు దశల్లో పనిచేస్తుంది. మొదట పూర్తి కరెంటును ఇస్తుంది. తరువాత వోల్టేజిని నిలకడగా ఉంచి, కరెంటును క్రమంగా తగ్గిస్తుంది. నిండిన పిమ్మట సుమారు 13.5 వోల్టులకు దిగి, బ్యాటరీని నిండుగా నిలిపి ఉంచుతుంది. ఈ మూడవ దశ లేని చౌక చార్జర్ నిండిన బ్యాటరీలోకి కూడా విద్యుత్తును తోస్తూనే ఉంటుంది.

పైన చెప్పిన వోల్టేజీలు 25 డిగ్రీల ఉష్ణోగ్రతకు వర్తిస్తాయి. ప్రతి డిగ్రీ పెరుగుదలకు 12 వోల్టుల సీసపు బ్యాటరీకి సుమారు 0.02 వోల్టులు తగ్గించాలి. మన వేసవిలో 40 డిగ్రీలున్న గదిలో 14.4 బదులు 14.1 వోల్టులే సరిపోతాయి. ఉష్ణాన్ని గమనించి తానే వోల్టేజిని సర్దుకునే చార్జర్ ఈ ప్రాంతానికి మిక్కిలి అనుకూలం.

ఉంచే చోటు, వాడే తీరు

సీసపు బ్యాటరీ నిండే సమయంలో హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. గాలిలో అది నాలుగు శాతానికి చేరితే చిన్న నిప్పురవ్వ కూడా పేలుడుకు చాలు. కాబట్టి పడకగదిలో, మూసివున్న అలమారలో, పూజాదీపం లేదా వంట పొయ్యి సమీపంలో బ్యాటరీని ఉంచకూడదు. గాలి ఆడే చోట, పిల్లలకు అందని విధంగా ఉంచాలి. మెట్ల కింద, బయటికి వెళ్లే దారిలో పెట్టడం కూడా తగదు. అగ్ని ప్రమాదం సంభవిస్తే తప్పించుకునే మార్గమే మూసుకుపోతుంది.

ఎర్త్ ఉన్న 15 ఆంపియర్ల సాకెట్‌నే వాడాలి. విడి చార్జర్ అయితే, తీగలు తగిలించిన తరువాతే స్విచ్ వేయాలి, స్విచ్ ఆపిన తరువాతే తీగలు తీయాలి. పలకలు మునిగి ఉండేటట్లు బ్యాటరీ నీరు మాత్రమే పోయాలి. బావి నీరు, కుళాయి నీరు పనికిరావు. ఆమ్లం కంటిలో పడితే ధారాళంగా నీటితో కడిగి వెంటనే వైద్యుని వద్దకు వెళ్లాలి.

సరైన చార్జర్ అని తెలుసుకోవడం ఎట్లా?

పూర్తిగా నిండిన సీసపు బ్యాటరీని కొన్ని గంటలు వాడకుండా ఉంచి మల్టీమీటర్‌తో చూస్తే 12.6 వోల్టులు గాని, కొంచెం ఎక్కువ గాని కనిపించాలి. 12.2 అంటే దాదాపు సగం ఖాళీ. సాధారణ చార్జింగ్‌లో 15 వోల్టులు దాటినా, కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చినా, బ్యాటరీ ఉబ్బినా, తాకలేనంత వేడెక్కినా, తరచుగా నీరు తరుగుతున్నా చార్జర్‌ను ఆపి, పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

పనికిరాని బ్యాటరీని చెత్తబండిలో వేయడం, ఆమ్లాన్ని కాలువలో పారబోయడం తగదని తెలియాలి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం దానిని ఇంటి చెత్తతో కలపకుండా విడిగా అప్పగించాలి. కొత్తది కొన్నప్పుడు పాతదానిని దుకాణంవారికి ఇవ్వడం సులభమైన మార్గం.

బ్యాటరీ కొన్న దినాన దాని రకాన్ని, వోల్టులను, ఆంపియర్ అవర్లను ఒక కాగితంపై వ్రాసి ఇన్వర్టర్ పక్కనే అంటించండి. మరమ్మతుకు ఎవరు వచ్చినా ఆ కాగితం చూసి పనిచేయగలరు. ఒక నిమిషపు ఈ జాగ్రత్త బ్యాటరీ ఆయుష్షును, అంతకు మించి ఇంటిలోనివారి ప్రాణాలను కాపాడుతుంది.