జీతం మానకుండా అడవి చదువు

ఉద్యోగం వదిలేసి అడవి అంచుకు వెళ్ళిపోవాలన్న కోరిక చాలామందికి ఉంది. నెలవారీ కిస్తీలు, పిల్లల ఫీజులు అడ్డం పడుతుంటాయి. నిజానికి ప్రకృతితో బతికే నేర్పు సంపాదించడానికి డబ్బును వదులుకోనక్కర్లేదు. అడవిలో పుట్టి పెరిగినవాళ్ళే ఆ రెంటినీ కలుపుకొని బతుకుతున్నారు. వాళ్ళ దగ్గర మనం ఏం నేర్చుకోవాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?

అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో వారపు సంత ఉందంటే తెల్లవారకముందే నడక మొదలవుతుంది. కావిళ్ళలో, నెత్తిమీది బుట్టల్లో చింతపండు, అడ్డాకులు, కొండచీపుళ్ళు, కుంకుళ్ళు, కరక్కాయలు కిందికి దిగుతాయి. సాయంత్రానికి అవే బుట్టల్లో ఉప్పు, నూనె, ఎండుచేపలు, పిల్లల బట్టలు కొండెక్కుతాయి. ఫోన్ రీఛార్జి కూడా ఆ సంతలోనే అయిపోతుంది. గిరిజనులకు డబ్బుతో పనిలేదని అనుకునేవారు ఒక్కసారి ఆ సంత చూడాలి. అక్కడ ప్రతి వస్తువుకూ రేటుంది, బేరముంది, అప్పూ ఉంది.

అయినా ఆ ఇళ్ళకీ మన ఇళ్ళకీ పెద్ద తేడా ఉంది. చేతిలో పైసా ఆడని నెలలో వాళ్ళకు అడవి ఆసరా. ఏ నెలలో ఏ దుంప ఊరుతుందో, ఏ చెట్టు కింద ఏ పండు రాలుతుందో, ఏ ఆకు కూరకు పనికొస్తుందో, ఏది గాయానికి కట్టాలో పెద్దవాళ్ళకు తెలుసు. వాళ్ళ వెంట తిరిగే పిల్లలకూ అబ్బుతుంది. మన సంగతి వేరు. ఒక నెల జీతం ఆగితే వంటింటి నుంచి వైద్యం దాకా అన్నీ తడబడతాయి. నేర్పు పోయిన ప్రతిచోటా బిల్లు వచ్చి కూర్చుంది.

ఆ నేర్పును తిరిగి సంపాదించుకోవడం ఇప్పటికీ సాధ్యమే. వారంలో ఒక పూట, కాస్త ఓపిక, నేర్పేవారి పట్ల గౌరవం ఉంటే చాలు. దానివల్ల మనకు బజారు మీద ఆధారం కొంత తగ్గుతుంది. అంతకంటే ముఖ్యమైన లాభం నేలది. పేరు తెలిసిన మొక్కను, అవసరం తెలిసిన చెరువును మనుషులు అంత తేలిగ్గా పోనివ్వరు.

తాడు పట్టేది బావమరిది

నల్లమలలో చెంచులు తేనె తీసే తీరు చూస్తే నేర్పు అంటే ఏమిటో అర్థమవుతుంది. పెద్ద తేనెటీగలు కొండచరియల అంచులకు పట్టు పెడతాయి. అడవి తీగల నారతో పేనిన తాడు పట్టుకుని ఒక మనిషి లోయలోకి దిగుతాడు. పైన ఆ తాడు పట్టేది అతని బావమరిది. తోబుట్టువు పసుపుకుంకాలు తన చేతిలో ఉన్నాయని తెలిసినవాడు పట్టు సడలించడని చెంచుల నమ్మకం. ప్రాణాన్ని ఎవరి చేతిలో పెట్టాలన్నది కూడా ఆ చదువులో భాగమే.

కిందికి దిగిన మనిషి పొగ పెట్టి ఈగలను పక్కకు తప్పిస్తాడు. అప్పుడు పట్టు నిర్మాణం కనిపిస్తుంది. తేనె పైభాగంలో ఒక మూలకు చేరి ఉంటుంది. గుడ్లు, పిల్లపురుగులు మిగిలిన భాగమంతా పరుచుకుని ఉంటాయి. తేనె నిండిన భాగాన్ని మాత్రమే కోసుకుని వస్తే ఈగలు దాన్ని మళ్ళీ కట్టుకుంటాయి. పట్టంతా కోసి పిండితే పిల్లపురుగుల రసం కలిసి తేనె త్వరగా పులుస్తుంది, ఈగల సంతానం కూడా నాశనమవుతుంది. పిండకుండా వడకట్టిన శుభ్రమైన తేనెకు ధర ఎక్కువ. ఈగకు మేలు చేసే కోతే మనిషికీ లాభం.

తపసి చెట్టు బంక కథ కూడా ఇలాంటిదే. కృత్రిమ దంతాలను నిలిపే పొడుల నుంచి ఆహార పరిశ్రమ దాకా ఈ బంకకు గిరాకీ ఉంది. బంక ఎక్కువ కారాలని గొడ్డలితో లోతుగా నరికితే చెట్టు కొన్నేళ్ళకే చచ్చిపోతుంది. మంచి బంకకూ మట్టి అంటిన బంకకూ ఒకటే రేటు ఇచ్చే చోట సేకరించేవాడికి జాగ్రత్త పడాల్సిన అవసరమేముంది? తెల్లటి శుభ్రమైన బంకను వేరుచేసి ఎక్కువ ధరకు కొన్నప్పుడు, బెరడును పైపైన గీసి గాయం మానేదాకా ఆగడం లాభసాటి అయింది. విశాఖపట్నం కేంద్రంగా పనిచేసే కోవెల్ ఫౌండేషన్ ఇలాంటి మెలకువలు గిరిజనులకు నేర్పింది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అటవీ ఉత్పత్తులు కొనే ప్రధాన ప్రభుత్వ సంస్థ. సరుకును నాణ్యత చూసి కొంటే చెట్టు బతుకుతుంది, గుడ్డిగా కొంటే చస్తుంది. డబ్బు అడవికి శత్రువా, మిత్రుడా అన్నది కొనే పద్ధతి మీద ఆధారపడి ఉంటుంది.

విత్తని పంట

అడవి దాకా వెళ్ళలేనివారికి చేనుగట్టు చాలు. జహీరాబాద్ ప్రాంతంలోని మెట్ట పొలాల్లో కంది, జొన్న, కొర్రల మధ్య ఎవరూ విత్తకుండానే కూర మొలుస్తుంది. గునుగు, తుమ్మి, పొన్నగంటి, గంగవాయిలి, జొన్నచెంచలి, తగిరిస. మందు కొట్టే రైతుకు ఇవన్నీ కలుపు. ఆ ప్రాంతపు దళిత మహిళలకు మాత్రం ఇవి ఉన్న నెలల్లో కూరగాయలు కొనక్కర్లేదు. 1983లో పస్తాపూర్ కేంద్రంగా మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఈ మహిళలే విత్తనాలు దాచారు, కెమెరా పట్టి సినిమాలు తీశారు. 2008లో మాచనూరులో సంఘం రేడియో మొదలుపెట్టారు. ఏటా సంక్రాంతి రోజుల్లో ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టుకుని ఊరూరా పాత పంటల జాతర చేస్తారు. 2019లో ఈ సంఘాల కృషికి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. అన్ని పంటలూ కలిసి పండే ఆ మెట్ట చేలే వాళ్ళ బడి.

ఆ బడిలో మొదటి పాఠం గుర్తుపట్టడం. గంగవాయిలినే తీసుకోండి. కాడ ఎర్రగా, నున్నగా, నీటితో ఉబ్బి ఉంటుంది. ఆకు మందంగా ఉంటుంది. నోట్లో వేసుకుంటే పుల్లగా తగులుతుంది. దాని పక్కనే నేలను అంటుకుని పాకే నానబాలు జాతి మొక్కలుంటాయి. దూరం నుంచి చూస్తే కొత్తవాడు రెంటినీ ఒకటే అనుకుంటాడు. నోట్లో పెట్టుకునే ముందు కాడ తుంచి చూడాలి. తెల్లటి పాలు కారితే అది గంగవాయిలి కాదు, తినకూడదు. ఇలాంటి చిన్న పరీక్షలు పుస్తకం కన్నా, కూర కోసే మనిషి పక్కన కూర్చున్నప్పుడు బాగా ఒంటబడతాయి. తెలంగాణలో వినాయక చవితికి తుమ్మికూర వండే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. బతుకమ్మకు గునుగు పూలు కోసే చేతులూ ఉన్నాయి. మొదటి గురువు మీ ఇంట్లోనే ఉండొచ్చు.

బీడు మీద కాపలా

మొక్కను గుర్తుపట్టడం ఒక మెట్టు. పోయిన పచ్చదనాన్ని వెనక్కి తేవడం తర్వాతి మెట్టు. దానికి మన దగ్గరే మంచి ఉదాహరణలున్నాయి. కరవుకు మారుపేరైన అనంతపురం ప్రాంతంలో, చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో కొందరు మిత్రులు 32 ఎకరాల బోడినేల కొని టింబక్టు కలెక్టివ్‌ను మొదలుపెట్టారు. అక్కడ నేర్చుకున్నది చుట్టుపక్కల గ్రామాల ఉమ్మడి కొండలకు విస్తరించింది. అదే వేల ఎకరాల కల్పవల్లి.

అక్కడ జరిగిన పనిలో మొక్కలు నాటడం కంటే కాపలా కాయడం ముఖ్యమైనది. దక్కన్ బీళ్ళలో నరికిన చెట్ల మొదళ్ళు, వేళ్ళు భూమిలో బతికే ఉంటాయి. ఏటా వేసవిలో పెట్టే నిప్పు, అదుపులేని మేత వాటిని లేవనివ్వవు. గడ్డిని చాళ్ళుగా తీసేసి నిప్పు దాటకుండా హద్దులు గీశారు. గ్రామస్థుల్లోనే కాపలాదారులను పెట్టుకున్నారు. వాన నీటికి అడ్డుకట్టలు వేశారు, విత్తనాలు చల్లారు. గడ్డి, ఈత చెట్లు తిరిగొచ్చాయి. వాటి వెనకే తోడేళ్ళు, కృష్ణజింకలు వచ్చాయి. ఊళ్ళకు పశువుల మేత, చాపలకూ బుట్టలకూ ఈత ఆకు దొరికాయి. టింబక్టు అడవితో ఆగిపోలేదు. మహిళల పొదుపు సంఘాలు కట్టింది. 2008లో ధరణి పేరుతో రైతుల సహకార సంస్థను ఏర్పాటు చేసి సేంద్రియ పంటలను మార్కెట్‌కు చేర్చింది. వడ్డీ వ్యాపారి చేతిలో ఉన్న ఊరు కొండను కాపాడలేదు. పొదుపు ఉన్న ఊరికి ఆ తీరిక, ధైర్యం వస్తాయి.

ఈ కథలో చేదు కూడా ఉంది. తర్వాతి కాలంలో అదే కొండల మీదికి గాలిమరల ప్రాజెక్టు వచ్చింది. రోడ్ల కోసం కొండలను తొలిచారు. ప్రజలు దశాబ్దాలుగా పెంచిన అడవి రెవెన్యూ రికార్డులో అప్పటికీ బంజరే. కాగితం మీద హక్కు లేకుండా పెంచిన పచ్చదనానికి భద్రత ఉండదని కల్పవల్లి మనకు నేర్పింది.

సూర్యాపేట జిల్లా రాఘవపురంలో దుశర్ల సత్యనారాయణ వారసత్వంగా వచ్చిన సుమారు 70 ఎకరాలను అడవిగా మార్చారు. భూమి ధరలు ఆకాశాన్నంటుతున్న రోజుల్లో అంత నేలను పక్షులకు, జంతువులకు వదిలిన మనిషి ఆయన. అందరికీ అన్ని ఎకరాలు ఉండవు. కానీ ఊరి బంచరాయి, చెరువు శిఖం, బడి ఆవరణ ఉన్నాయి. పని అక్కడ మొదలుపెట్టవచ్చు.

ఆదివారం పూట బడి

పట్నంలో ఉద్యోగం చేసుకునేవారు ఏం చేయాలి? ఒక స్థలాన్ని ఎంచుకోండి. ఇంటికి నడక దూరంలో ఉన్న చెరువుగట్టు, పార్కు, ఖాళీ స్థలం ఏదైనా సరే. ఏడాది పొడవునా అక్కడికే వెళ్ళండి. ఏ చెట్టు ఎప్పుడు ఆకు రాలుస్తుందో, ఎప్పుడు పూస్తుందో రాసుకోండి. మన రైతులకు కార్తెలే క్యాలెండర్. రోహిణి ఎండ తర్వాత మృగశిరతో వానలు మొదలవుతాయి. ఆరుద్రలో తడినేల మీద ఎర్రటి మఖమల్ లాంటి ఆరుద్ర పురుగు కనిపిస్తుంది. మీ స్థలంలో అది వచ్చిందా, లేదా? రాకపోతే ఎందుకు రాలేదు? అన్ని పాఠాలూ ఈ ప్రశ్నల నుంచే పుడతాయి.

పక్షుల మీద ఆసక్తి ఉంటే తోడు వెతుక్కోండి. హైదరాబాద్‌లో 1980లో మొదలైన పక్షి ప్రేమికుల సంఘం డెక్కన్ బర్డర్స్ పేరుతో నేటికీ పనిచేస్తోంది. పక్షులు చూడటానికి చోట్లూ ఉన్నాయి. అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలం హోదా వచ్చింది. మదనపల్లె దగ్గరి రిషీ వ్యాలీ పాఠశాల చుట్టూ లోయ బోడికొండల నుంచి తేరుకుని 1991లో పక్షుల సంరక్షణ ప్రాంతమైంది.

చేతిపనులకు పెద్ద ఖర్చేమీ లేదు. మోదుగ ఆకులను ఒకదాని మీద ఒకటి పేర్చి సన్నటి పుల్లలతో విస్తరి కుట్టడం, కిత్తనారతో తాడు పేనడం, కత్తి నూరడం, విత్తనాలను బూడిద, వేపాకు కలిపి దాచడం నేర్చుకోవచ్చు. చిల్లగింజ సంగతి ఇంకా బాగుంటుంది. గింజను రాతి మీద కొంచెం నీటితో అరగదీసి, ఆ గంధాన్ని బురదనీళ్ళలో కలిపి కదపకుండా ఉంచితే మట్టి అడుగుకు చేరి పైన నీరు తేరుకుంటుంది. తేరిన నీటిలో సూక్ష్మక్రిములు ఉండవచ్చు కాబట్టి కాచి చల్లార్చాకే తాగాలి. వరద వచ్చి కుళాయి ఆగిపోయిన రోజు ఈ ఒక్క విద్య ఇల్లు నిలబెడుతుంది.

ఈ హద్దులు మరవకండి

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం వేట నేరం. సరదాకి వల పన్నినా కేసే. అమ్రాబాద్, నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యాల్లో అనుమతి లేకుండా తిరగకూడదు, ఏమీ తేకూడదు. మందు కొట్టిన చేలోనూ, మురుగు కాలువ పక్కనా కూర కోయకండి. ముగ్గురు తెలిసినవాళ్ళు అవుననేదాకా కొత్త ఆకును నోట పెట్టకండి. పదింటిలో ఒకటి కోసుకుని తొమ్మిది వదిలేయండి. ఆ తొమ్మిదింటి మీద హక్కు ఉన్న పశువులు, పక్షులు, పేదింటి ఆడవాళ్ళు ఉన్నారు.

గురువుకు ఏమిస్తాం?

అడవి చదువుకు గురువులు చెంచులు, కోయలు, కొండరెడ్లు, యానాదులు, మెట్ట రైతు మహిళలు. చాలామంది పేదవాళ్ళు. వాళ్ళ విద్యను ఉచితంగా నేర్చుకుని, మనం పట్నంలో శిబిరాలు పెట్టి వేలకు వేలు వసూలు చేయడం అన్యాయం. ఒక పూట నేర్పినందుకు ముందే మాట్లాడుకుని మంచి రుసుము ఇవ్వాలి. ఫొటో తీసేముందు అడగాలి. మందు చెట్ల రహస్యాలు చెప్పమని బలవంతపెట్టకూడదు. తేనె, అడ్డాకులు, చింతపండు కొనేటప్పుడు బేరాలాడటం తగ్గించాలి.

అంతకంటే పెద్ద దక్షిణ హక్కుల్లో తోడుగా నిలబడటం. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద సేకరణ, వినియోగం, అమ్మకం హక్కులను అటవీవాసులకే ఇచ్చింది. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మెండా లేఖ గ్రామం 2011లో తన అడవి వెదురును తానే అమ్ముకుని దారి చూపింది. ఆ హక్కు కాగితం మన చెంచు పెంటల్లో, కోయ గూడేల్లో ప్రతి ఇంటికీ చేరాలి. అడవి నుంచి గురువును వెళ్ళగొట్టాక అక్కడ చదువు మిగలదు.

ఈ వానాకాలమే మొదలుపెట్టండి. ఇంట్లో పెద్దవారిని అడిగి అయిదు కూరమొక్కలను గుర్తుపట్టడం నేర్చుకోండి, వాటిని పిల్లలకు చూపించండి. తర్వాత మీ పంచాయతీకో, పురపాలక కార్యాలయానికో వెళ్ళండి. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి స్థానిక సంస్థలోనూ జీవవైవిధ్య కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. దాన్ని తీసి చూపించమని అడగండి. మీ ఊరి చెరువు, మీ ఊరి బీడు, మీ అమ్మమ్మకు తెలిసిన మొక్కలు అందులో లేకపోతే రాయించండి.