కుక్కపిల్లకు అక్షరాభ్యాసం

కుక్కపిల్లను తెచ్చుకున్నవాళ్ళు మర్నాడే గొలుసు కొంటారు. వరండా స్తంభానికి కట్టేసి, "కొత్తవాళ్ళకు అలవాటు పడితే కాపలాకు పనికిరాదండీ!" అంటారు. ఏడాది తిరిగేసరికి ఆ గొలుసు ఒకనాడు ఊడుతుంది. పక్కింటి పిల్లవాడి పిక్క చీరుతుంది. సబ్బునీళ్ళతో పావుగంట కడగడం, ఆస్పత్రికి పరుగులు, సూదులు. వారం తిరక్కుండా కుక్కను ఊరవతల వదిలేసి వస్తారు. మా వీధిలోనే రెండిళ్ళలో ఈ కథ జరిగింది. ఆ కుక్కలు చేసిన నేరమేమిటో నాకిప్పటికీ బోధపడలేదు.

కుక్కపిల్లకు బడి 3వ వారంలో తెరుస్తారు. 12, 14 వారాలకల్లా మూసేస్తారు. ఈలోపల చూసినదంతా దానికి మామూలు సంగతి. చూడనిదల్లా దయ్యమే! ఇది నా సొంత పైత్యం కాదు. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని బార్ హార్బర్‌లో ఫ్రీడ్‌మన్, కింగ్, ఎలియట్ అనే పరిశోధకులు ఎత్తయిన కంచె వేసిన మైదానంలో కుక్కపిల్లల్ని మనిషి పొడే ఎరక్కుండా పెంచారు. కొన్నిటిని మాత్రం మధ్యలో ఒక్క వారం లోపలికి తెచ్చి ఆడించారు. 14 వారాలదాకా మనిషిని చూడని పిల్లలు తరవాత ఎంత బుజ్జగించినా అడవి జంతువుల్లాగే బెదిరాయని 1961లో ప్రకటించారు.

కనుక ఆ నాలుగు రోజుల్లోనే అన్నీ చూపించాలి. కుక్కర్ ఈల, మిక్సీ మోత, గొడుగు, తాతగారి చేతికర్ర, పరుగెత్తే పసివాళ్ళు. అది తోక ముడిస్తే మాత్రం బలవంతం చెయ్యక దూరం జరగండి. టీకాలు పూర్తికాలేదని భయమా? నిజమే, పార్వో జబ్బు వీధి మట్టిలోంచి కూడా అంటుకుంటుంది. అందుకని నేలమీద దింపకుండా చంకనెత్తుకుని తిప్పుకురండి. 6, 8 వారాల మధ్య టీకాలు మొదలు పెట్టించాలి. 3 నెలలకు రేబిస్ టీకా. అది తప్పించుకోవడానికి వీల్లేదు.

ఇంట్లో తడిపిందని మూతి నేలకు రుద్దడం శుద్ధ దండగ. నిద్ర లేవగానే, తినగానే, ఆడగానే పెరట్లోకి తీసుకుపోండి. పని కాగానే అక్కడే, ఆ క్షణమే ఏదో ముక్క పెట్టండి. లోపలికి వచ్చాక పెడితే, లోపలికి వచ్చినందుకే అనుకుంటుంది పాపం!

మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. మనుషుల మాట నాకు తెలియదు గాని, కుక్క వంగుతుంది, కాస్త నెమ్మదిగా. మేము చేరదీసిన వీధికుక్కకు అప్పటికే నాలుగేళ్ళుంటాయి. హెల్మెట్ కనబడితే చాలు, మీదికి లంఘించేది. మా ఆవిడ దాన్ని పట్టుకుని గేటుకు బాగా ఎడంగా, అది చూస్తుంది గాని మొరగదన్నంత దూరాన నిలబడేది. హెల్మెట్ మనిషి కనబడగానే ఉడికిన గుడ్డుముక్క నోట్లో పడేది. మనిషి పోగానే గుడ్డూ బందు. రోజుకొక అడుగు ముందుకు. మొరిగిన రోజున రెండడుగులు వెనక్కి. దెబ్బ అన్న మాటే లేదు. దెబ్బ పడితే కుక్క గుర్రుమనడం మానుతుంది గాని, భయపడడం మానదు. ఆపైన చెప్పకుండా కరుస్తుంది.

రెండున్నర నెలలు పట్టింది. ఇప్పుడు కొరియర్ కుర్రాడు గేటు తీస్తే అది మొరగదు. గుడ్డు ఏదీ అన్నట్టు మా ఆవిడ మొహంకేసి చూస్తుంది.