పిల్లలమఱ్ఱి దేవాలయములు: కాలినడకఁ జూడవలసిన విధము

శిల్పశాస్త్ర గ్రంథములందు అధిష్ఠాన పాద ప్రస్తర శిఖరాదుల లక్షణములను జదివినవారు మన పండితులలోఁ బెక్కండ్రు గలరు. ఆ లక్షణములకు లక్ష్యములైన కట్టడములయొద్దకుఁ బోయి, యొక్కొక్క యంగమును వ్రేలితోఁ జూపి శిష్యులకు బోధించువారు మాత్రము కొలఁదిమంది. లక్ష్యములేని లక్షణము కంఠపాఠమై నిలుచును గాని జ్ఞానమై ఫలింపదు. శాసనముల విషయమును నిట్టిదే. అచ్చుపడిన శాసనపాఠమును మాత్రమే చదివినవానికి సంవత్సరమును, దాతపేరును, దానవివరమును దెలియును. ఆ శాసనస్తంభము ఏ ద్వారమున కెదుట నున్నది, ఏ మండపము ప్రక్క నున్నది యనునది తెలియదు. కాఁబట్టి ప్రాచీన వాస్తువును నడచుచుఁ జూచు పద్ధతిని ఒక్క యూరి దేవాలయములను నిదర్శనముగాఁ గొని వివరించుట యీ వ్యాసముయొక్క యుద్దేశము. ఆ యూరు సూర్యాపేట చెంతనున్న పిల్లలమఱ్ఱి.

ఈ ప్రాంతమునకు ఉత్తరదిక్కునుండి వచ్చువారు తిరుమలగిరి మీఁదుగా వత్తురు. తిరుమలగిరికి సమీపముననే ఫణిగిరి యను గ్రామము గలదు. పడగవలె లేచిన కొండ యగుటచే దాని కాపేరు గలిగెను. ఆ కొండపై బౌద్ధుల మహాస్తూపమును, చైత్యగృహములును, విహారములును బయల్పడినవి. నిజాము ప్రభుత్వకాలమున 1940 ప్రాంతములఁ దొలిసారి త్రవ్వకములు జరిగెను. మరల 2001 మొదలుకొని విస్తరించి జరిగిన త్రవ్వకములలోఁ జెక్కడపుఁ బనితనముగల తోరణపు దూలములును, ఇక్ష్వాకు రాజగు రుద్రపురుషదత్తుని కాలపు శాసనమును లభించినవి. 2024వ సంవత్సరమున ఒక కుండలో 3,730 సీసపు నాణెములు దొరకినవి. ఫణిగిరి శిల్పములు 2023లో న్యూయార్కు నగరపు మెట్రోపాలిటన్ మ్యూజియమునఁ బ్రదర్శింపఁబడినవి. దేశాంతరముల విద్వాంసులు కనులార చూచి కొనియాడిన యీ శిల్పములు పుట్టిన కొండను, దానికి దాపుననున్న పాఠశాలల బాలురు చూడకుండుట తగదు. ఫణిగిరి విషయము వేఱొక వ్యాసమునకుఁ జాలినంత కలదు గాన, ఇచటఁ దత్ప్రసక్తిని ఇంతటితో విడిచి, వేయేండ్లకుఁ దరువాతి కాలమునకు వత్తము.

పిల్లలమఱ్ఱి సూర్యాపేటకుఁ గూతవేటు దూరమున, హైదరాబాదునుండి విజయవాడకుఁ బోవు రాజమార్గమునకుఁ జేరువ నున్నది. సూర్యాపేటకు భానుపురి యని నామాంతరము. పిల్లలమఱ్ఱి నేఁడు చిన్నయూరు. కాకతీయులనాఁడు రేచెర్ల రెడ్డి సామంతుల ప్రధానస్థానము. నామేశ్వరము, ఎఱకేశ్వరము, ముక్కంటీశ్వరము అను శివాలయములును, చెన్నకేశవాలయమును ఇచటఁ గలవు. ఈ గుడు లొకదాని కొకటి నడువఁదగినంత దూరమున నుండుటచే, ఒక్క పూటలో అన్నిటిని జుట్టివచ్చి పోల్చి చూచుటకు వీలు గలుగుచున్నది. ఇట్టి సదుపాయము మనదేశమున నన్నిచోట్ల దొరకునది కాదు.

నడక కారంభమున శాసనముల కాలమును మనస్సున నిలుపుకొనవలెను. ఇచటి శాసనములు కొన్ని తెలుఁగునను, కొన్ని కన్నడమునను ఉన్నవి. వానిలో కాకతి రుద్రదేవుని కాలపు శాసనము శా. శ. 1117, అనఁగా క్రీ. శ. 1195 నాఁటిది. నామిరెడ్డి నామేశ్వరమును శా. శ. 1124 (క్రీ. శ. 1202)న ప్రతిష్ఠించెను. ఎఱకేశ్వరప్రతిష్ఠ శా. శ. 1130 (క్రీ. శ. 1208) నాఁటిది, అప్పటికి గణపతిదేవుఁడు రాజ్య మేలుచుండెను. శకవర్షమునకు 78 కలిపినచోఁ గ్రీస్తుశకము వచ్చునని బాలురకుఁ జెప్పుట వాడుక. అయినను శకవర్షము చైత్రముతో మొదలగుటచే, పుష్యమాఘాది మాసములలోని తిథులకు 79 కలుపవలసి వచ్చునని కూడఁ జెప్పుట మంచిది. శాసనమున మాసము చెప్పఁబడినదో లేదో చూడక సంవత్సరమును నిశ్చయించుట పొరపాటులకుఁ దావగును.

ఈ మూఁడు సంవత్సరముల నడుమ ఓరుగంటి రాజ్యమునకుఁ గొప్ప యాపద వచ్చి తొలఁగెను. దేవగిరి యాదవులతోడి పోరున రుద్రదేవుఁడు మడిసెను. అతని తమ్ముఁడు మహాదేవుఁడు కొలఁదికాలమే యేలెను. అతని కొడుకు గణపతిదేవుఁడు శత్రువులచేతఁ జిక్కి, పిదప విడువఁబడి 1199 ప్రాంతమున సింహాసన మెక్కెను. రాజు లేని యా కాలమున రాజ్యమును నిలిపినవారు సామంతులు. వారిలో రేచెర్లవారు ముఖ్యులు. 1195 శాసనమునకుఁ దరువాత ఏడేండ్లకు నామేశ్వరమును, పదుమూఁడేండ్లకు ఎఱకేశ్వరమును వెలసినవన్నచో, ఆ యాపదవలన నీ వంశమువారి సంపదయుఁ బలుకుబడియుఁ దగ్గకపోఁగా హెచ్చినవని యూహింపవచ్చును. ఇది గుళ్లను, తేదీలను జతపఱచి చూచుటవలనఁ గలిగిన యూహయే గాని శాసనమునఁ జెప్పఁబడిన మాట కాదని చదువరులు గ్రహింతురుగాక.

ఇచట నొక భ్రాంతిని దొలఁగింపవలెను. రేచెర్ల యను పేరు రెండు వంశములకుఁ గలదు. పిల్లలమఱ్ఱి గుళ్లను గట్టించినవారు రేచెర్ల రెడ్లు. పాలంపేటలో 1213న రామప్పగుడి యని నేఁడు పిలువఁబడు రుద్రేశ్వరాలయమును గట్టించిన రేచెర్ల రుద్రుఁడును రెడ్డి వంశమువాఁడే. కాకతీయుల తరువాత రాచకొండ దేవరకొండల నేలిన రేచెర్ల పద్మనాయకులు వేఱు. గోత్రనామసామ్యమును బట్టి యొకరి కీర్తిని వేఱొకరి కంటఁగట్టుట చరిత్రకుఁ గీడు.

ఇఁక నామేశ్వరమునకు నడుతము. గుడి ముంగిటికిఁ బోఁగానే లోనికిఁ జొరక, మొదట వెలుపల నొకసారి చుట్టిరావలెను. శివాలయమునఁ బ్రదక్షిణమునకు విశేష విధి గలదు. అభిషేకజలము వెలువడు ప్రణాళమును, అనఁగా సోమసూత్రమును, దాఁటరాదు. అచటినుండి వెనుకకు మరలి, వచ్చిన త్రోవనే పోయి, రెండవవైపునుండి మరల ప్రణాళముదాఁకఁ బోవలెను. ఈ విధివలన భక్తునకు గలుగు పుణ్య మటుండఁగా, పరిశీలకునకు గలుగు లాభ మొకటి కలదు: ఒక్కొక్క గోడను పోవునప్పు డొకసారి, మరలునప్పు డొకసారి చూచును. పోవునప్పుడు చూపును క్రిందికి నిలిపి అధిష్ఠానపు టంతరువులను, ఉపానము మొదలు పట్టికదాఁక, లెక్కింపవలెను. మరలునప్పుడు చూపును పైకెత్తి గోడను, చూరును, శిఖరమును గనిపెట్టవలెను. కాకతీయుల గుళ్లలో వెలుపలిగోడలు హొయసలుల గుళ్లవలె నడుగడుగున బొమ్మలతో నిండియుండవు. సాదాగోడయు, స్పష్టమైన గీతలును వారి రీతి. అలంకారమంతయు లోపలి స్తంభములకును, ద్వారబంధములకును దాఁచి యుంచఁబడినది.

లోనికిఁ బోయినతోడనే యా భేదము తెలియును. రంగమండపమున నల్లఱాతి స్తంభములు నిలిచియున్నవి. ఒక్కొక్క స్తంభమును అడుగునుండి పైదాఁక చూచినచోఁ జదరము, వర్తులము మాఱి మాఱి వచ్చును. చదరపు భాగములపై సన్నని శిల్పములు గలవు. వర్తులభాగములు చక్రముపైఁ దిప్పి చేసినట్లు నున్నగా నుండి చూచువాని నీడను జూపును. ఇంత నునుపు ఇనుప యులివలన మాత్రము రాదు; చెక్కిన పిదప నూఱుటయు, మెఱుఁగుపెట్టుటయు నను పని చిరకాలము జరిగియుండవలెను. కొన్నిస్తంభములు తట్టినప్పుడు మ్రోఁగునని చెప్పి చూపఱులు ఱాతితోఁ గొట్టి చూతురు. గట్టిది, సన్నని రేణువులు గలది యగు నల్లఱాయి తట్టినచో మ్రోఁగుట సహజము. దానిని బరీక్షించుటకై యెనిమిదినూఱేండ్ల మెఱుఁగును జెఱుపవలసిన పనిలేదు.

నామేశ్వరపు దూలములపైఁ బూర్వపు వర్ణచిత్రముల జాడలు గలవు. వానిలోఁ గ్షీరసాగరమథనపుఁ జిత్రము గుర్తింపఁబడినది. కాకతీయుల కాలపుఁ జిత్రలేఖనము మనకు మిగిలినది బహుస్వల్పము. ఱాతిబొమ్మ చెయ్యి విఱిగినను బొమ్మ నిలుచును. రంగు రాలినచోఁ జిత్రమే పోవును. కాఁబట్టి యిచట దీపపుమసి, కర్పూరపుఁబొగ, సున్నపుఁబూఁత అను మూఁటినుండియుఁ జిత్రములను గాపాడవలసి యున్నది. గుడికి సున్నము కొట్టించుట పుణ్యకార్యమని తలఁచు సద్భక్తులకు, ఆ సున్నము క్రింద శాసనాక్షరమును, రంగును మాయమగునని నచ్చఁజెప్పఁగలవారు గ్రామపండితులే.

ఎఱకేశ్వరము ఎత్తైన జగతిపై నిలిచి నామేశ్వరముకంటె విశాలముగాఁ దోఁచును. దీనిని గట్టించినది స్త్రీ. రేచెర్ల బేతిరెడ్డి భార్యయగు ఎఱకసాని తనపేర నీ శివుని బ్రతిష్ఠించెను. ఇచట శబ్దవిచార మొకటి యవసరము. సాని యను మాట నేఁడు వాడుకలో హీనార్థము నొందినది. శాసనకాలమున నది గౌరవవాచకము. స్వామిని యను సంస్కృతశబ్దమునకుఁ దద్భవము. రాజకుటుంబముల స్త్రీల పేళ్లచివర నీ శబ్దము తఱచుగా వచ్చును. శాసనము చదువు బాలుఁడు ఈ భేద మెఱుఁగనిచో గుడి గట్టించిన గృహిణిని దేవదాసియని పొరపడును. ఒక్క ప్రత్యయపు టర్థ మెఱుఁగకపోవుటచే నొక పుణ్యవతి చరిత్రయే తలక్రిందగును.

దేవుని పేరు కూడఁ బరిశీలింపఁదగినది. నామి, ఈశ్వరుఁడు కలసి నామేశ్వరుఁడు. ఎఱక, ఈశ్వరుఁడు కలసి ఎఱకేశ్వరుఁడు. తెలుఁగు వ్యక్తినామము సంస్కృతపదముతో సంధినొంది దేవతానామ మగుచున్నది. హనుమకొండ వేయిస్తంభములగుడిలోని శివుఁడు రుద్రదేవుని పేర రుద్రేశ్వరుఁడయ్యెను. పాలంపేట శివుఁడు రేచెర్ల రుద్రుని పేర రుద్రేశ్వరుఁడయ్యెను. పూజించువారు దాతను మఱచినను దేవుని పేరు పలికినప్పు డెల్ల దాతపేరు పలుకుచునే యున్నారు. చక్రవర్తి, సేనాని, సామంతుని భార్య అను మువ్వురకు నొక్కటే యాచారము వర్తించుట గమనింపవలెను.

వాస్తుచరిత్రలోఁ బిల్లలమఱ్ఱికిఁ గల స్థానము కాలక్రమమును జూచినఁ దేటపడును. వేయిస్తంభములగుడి 1163 నాఁటిది. రామప్పగుడి 1213 నాఁటిది; అది 2021లో ప్రపంచ వారసత్వస్థలముగా యునెస్కోచే గుర్తింపఁబడినది. ఈ రెంటినడుమ ఏఁబదియేండ్ల యెడము గలదు. తొలిదానిని జూచి వెంటనే మలిదానిని జూచువారికి, అంత మార్పు ఒక్క పెట్టున వచ్చినట్లు తోఁచును. 1202, 1208 నాఁటి పిల్లలమఱ్ఱి గుళ్లు ఆ యెడమున మెట్లవలె నున్నవి. హనుమకొండకును, పాలంపేటకును బోవు యాత్రికులు పిల్లలమఱ్ఱిని విడిచినచోఁ గావ్యమున మొదటి సర్గయుఁ గడపటి సర్గయుఁ జదివినవారే యగుదురు.

సాహిత్యపరులకు నీ యూరితో మఱియొక బంధుత్వము గలదు. జైమినిభారతమును, శృంగారశాకుంతలమును రచించిన పిల్లలమఱ్ఱి పినవీరభద్రకవి పదునేనవ శతాబ్దివాఁడు. అతని యింటిపేరు ఈ యూరిపేరే. అతని వంశ మిచటిదని స్థానికులు చెప్పుకొందురు. జైమినిభారతము సాళువ నరసింహరాయని కంకితము. ఇంటిపేళ్లు ఊళ్లనుండి పుట్టి, మనుష్యులతోఁ దరలి, దూరదేశములఁ గావ్యములపై నిలుచుట కిది మంచి యుదాహరణము.

తుదకుఁ బాఠశాలల పండితులకొక మనవి. ఏఁటికి నొకమాఱైన శిష్యుల నిట్టి యూళ్లకుఁ దోడ్కొని పోవుదురుగాక. కొలత్రాడును, కాగితమును, కలమును దప్ప వేఱు సాధనము లక్కఱలేదు. ఒక బాలుఁడు జగతి యెత్తును గొలువవలెను. ఒకఁడు స్తంభముల లెక్క వ్రాయవలెను. ఒకఁడు శాసనస్తంభ మెచట నున్నదో పటమున గుర్తింపవలెను. అక్షరము తెలిసినవాఁడు చదువఁదగినంత చదువవలెను. అక్షరములపై సుద్ద రుద్దరాదు, నూనె పూయరాదు, ప్రక్కనుండి వెలుఁగు పడునప్పుడు, ఉదయముననో సాయంకాలముననో చూచినచో అరిగిన యక్షరము సైత మగపడును. ఆ యేఁటి వ్రాఁతలను భద్రపఱచి మఱుసటి యేఁటి వానితోఁ బోల్చినచో, ఏ ఱాయి కదలినది, ఏ రంగు రాలినది, ఏ గోడకు సున్నము పడినది యనునది స్పష్టముగాఁ దెలియును. పదియేండ్లు జరిగినచో నా కాగితములే యా గుడికిఁ జరిత్రయగును. నష్టము జరిగిన పిదప విచారించుటకంటె, జరుగుచున్నప్పుడే గుర్తించి సంబంధించిన యధికారులకుఁ దెలుపుట మేలు. ఊరివా రెఱిఁగి, ప్రేమించి, తేఱిపాఱఁజూచుచున్న గుడికిఁ గావలివాండ్ర కొఱఁత యుండదు.